కృష్ణవేణికి ధర్మకర్త ఎవరు?

వేదాద్రి నరసింహుని పాదముల చెంతనుండి హంసలదీవి వేణుగోపాలుని సన్నిధి వరకు కృష్ణవేణి గట్ల వెంబడి ఎన్నియో శ్రీహరి క్షేత్రములు వెలసి యున్నవి. నదిలో మునిగి దోసిలితో అర్ఘ్యమిచ్చు భక్తుడు ఆ నీటిని తనదని తలపడు. భగవంతుని సొత్తునే భగవంతునికి సమర్పించుచున్నానని భావించును. అయితే గట్టెక్కిన వెంటనే ఆ నీరే వివాదమునకు గురియగుచున్నది. రైతు తన హక్కు అనును. నగరము తన దాహము అనును. ప్రభుత్వము తన అధికారము అనును. ఇంతకును ఈ జలము ఎవరిది? దీనిపై ప్రభుత్వమునకు గల అధికారము ఎట్టిది?

విశిష్టాద్వైత సిద్ధాంతమున దీనికి సమాధానము సుస్పష్టముగ కలదు. చేతనాచేతనములన్నియు శ్రీమన్నారాయణునికి శేషభూతములు. ఆయన ఒక్కడే శేషి, ఆయన ఒక్కడే స్వామి. అట్లయినచో నదికి గాని, అడవికి గాని, భూగర్భజలమునకు గాని మానవుడు యజమాని కాజాలడు. మానవులు ఏర్పరచుకొన్న ప్రభుత్వమును యజమాని కాజాలదు. మరి ప్రభుత్వము స్థానమేమి? ఆలయ వ్యవహారము నెరిగినవారికి ఈ ప్రశ్న కఠినమైనది కాదు. దేవుని మాన్యమునకు స్వామి దేవుడే. ధర్మకర్త తాళపుచెవులు పట్టును, లెక్కలు వ్రాయించును, కౌలుకిచ్చును, శిస్తు వసూలు చేయును. కాని ఆ ధాన్యములో ఒక్క కుంచమైనను తనదనరాదు. ప్రకృతిసంపద విషయమున ప్రభుత్వము ఇట్టి ధర్మకర్తయే.

ధర్మకర్తకు విధులు మూడు. సొత్తు తరుగకుండ కాపాడవలెను. నిత్యకైంకర్యము లోపింపకుండ జరిపింపవలెను. ప్రసాదము పంక్తి చివర కూర్చున్నవానికి సైతము అందునట్లు చూడవలెను. శివారు భూముల రైతునకు నీరందని కాలువ, చివరివానికి ప్రసాదమందని పంక్తి వంటిదే.

ఎవరి పొలము వారు చూచుకొనిన చాలదా, నడుమ ధర్మకర్త యెందులకని కొందరందురు. వారికి ఈ డెల్టా చరిత్రయే సమాధానము. 1832-33 నందన నామ సంవత్సరపు కరవులో గుంటూరు సీమలో లక్షకు పైగా జనులు నశించిరి. ఏటేట కృష్ణ వరదనీరు సముద్రము పాలగుచుండెడిది. దానిని నిలుపు శక్తి ఏ ఒక్క రైతునకును, ఏ ఒక్క గ్రామమునకును లేకపోయెను. ఆర్థర్ కాటన్ ప్రోద్బలముతో, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1852లో ఆరంభమైన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. దానిలో పరపాలకుల శిస్తు లెక్కయు కలదు. అయినను ఆ నీరు తరతరములకు అన్నము పెట్టెను. 1952లో ఆ ఆనకట్టకు గండిపడగా, దాని స్థానమున ప్రకాశం బ్యారేజి 1957లో వెలసెను. నేడు సుమారు 13 లక్షల ఎకరములు దానిపై ఆధారపడి యున్నవి. ఒంటరి మనిషికి అలవికానిది సమష్టిశక్తి సాధించును. ఈ సత్యమును శ్రీకృష్ణదేవరాయలు చక్కగా నెరిగియుండెను. కృష్ణాతీరమున శ్రీకాకుళాంధ్రమహావిష్ణువు ఆనతిపై రచించిన ఆముక్తమాల్యదలో, చెరువులు కాలువలు త్రవ్వించుటను, పేదరైతుపై పన్ను భారము తగ్గించుటను ఆయన రాజధర్మముగ కలిపి చెప్పెను. నీరిచ్చుట ఒక చేయి, పీడింపకుండుట రెండవ చేయి.

పిదుకుటకును ఒక ధర్మము కలదని శ్రీమద్భాగవతమునందలి పృథుచక్రవర్తి కథ తెలుపుచున్నది. ఓషధులను తనలో దాచుకొన్న భూదేవిపై పృథువు విల్లెక్కుపెట్టెను. ఆమె గోరూపమున శరణుజొచ్చి, తగిన దూడను చూపి పిదుకుమని కోరగా, మనువును దూడగా చేసి పిదికెను. దూడ లేనిదే ఆవు చేపదు. మనువనగా మానవ సంతతికి మూలపురుషుడు. రాబోవు తరములకు పాలు విడువక పిదుకువాడు రాజు కాడు, దోపిడికాడు.

ఈ గీటురాయిపై కొల్లేటి కథను పరీక్షింపవచ్చును. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న ఈ సరస్సు బుడమేరు, తమ్మిలేరుల వరదను తన కడుపున దాచుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రమునకు విడుచును. 1970ల దశకమున ప్రభుత్వమే సహకార సంఘములను ఏర్పరచి, సరస్సు గర్భమున చేపల చెరువులకు తావిచ్చెను. పేదలకు బ్రతుకుతెరువు చూపవలెనను ఉద్దేశ్యము మంచిదే. కాని కాలక్రమమున ధనవంతుల గట్లు పెరిగి నీటిదారులు మూసుకొనిపోయెను. 1999లో కొల్లేటిని అభయారణ్యముగ ప్రకటించిరి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశముల మేరకు గట్లను పగులగొట్టించిరి. అటుపిమ్మట పలుచోట్ల గట్లు మరల లేచెను. చోటిచ్చినదియు ప్రభుత్వమే, తీసివేసినదియు ప్రభుత్వమే. నడుమ నలిగినవాడు పేద మత్స్యకారుడు.

సరస్సును కాపాడుట ధర్మమా, పేదవాని కూటిని కాపాడుట ధర్మమా అను సంకటము ఇచ్చట ఎదురగును. బాలకృష్ణుడు కాళింది మడుగులో దూకిన ఘట్టమును స్మరింపవలెను. ఆ నీరు విషమైయున్నంతకాలము గోవులకు గాని గోపాలురకు గాని బ్రతుకు లేదు. కనుక స్వామి ఉపేక్షింపలేదు. అయినను కాళియుని సంహరింపలేదు. గరుడభయమున విడిచివచ్చిన రమణకద్వీపమునకే, ఆ భయము తీర్చి, తన పాదముద్రలు రక్షగా నిచ్చి పంపెను. విషము చిమ్మిన సర్పమునకే చోటు చూపిన స్వామి, ఏ పాపము నెరుగని మత్స్యకారునికి చోటు చూపక గట్టు తెగగొట్టుటను మెచ్చునా? నీటిని శుద్ధిచేయుట, నిరాశ్రయునికి ఆశ్రయమిచ్చుట ఒకే ధర్మమునకు రెండు పాదములు. ఒంటికాలిపై ఏ ధర్మమును చిరకాలము నిలువదు.

ధర్మకర్త ఏమరపాటునకు మూల్యమెంతటిదో 2024లో విజయవాడ చవిచూచెను. ఆగస్టు చివర కురిసిన కుంభవృష్టికి బుడమేరు పొంగెను. దాని వరదను మళ్ళించు కాలువ కృష్ణలో కలియవలెను. ఆ సమయమున కృష్ణయే 11 లక్షల క్యూసెక్కులకు మించి ఉరకలు వేయుచుండెను. గట్లకు గండ్లుపడి సింగ్‌నగర్ మొదలగు పేటలు దినములతరబడి నీట మునిగెను. వర్షమును నిందించుట సులభము. ఏటిదారిలో ఇండ్లు లేచుచుండగా ఏండ్లతరబడి చూచి యూరకుండుటయు దోషమే. ఆ దోషములో పాలకులకు భాగము కలదు, స్థలమమ్మినవారికి భాగము కలదు, తెలిసి కొన్నవారికిని కొంత భాగము కలదు.

నేటి చట్టమును ఈ త్రోవనే నడచుచున్నది. 1976నాటి 42వ సవరణ ద్వారా రాజ్యాంగమున ప్రకృతిరక్షణను ప్రభుత్వమునకు విధిగను, పౌరునికి కర్తవ్యముగను చేర్చిరి. 1996లో బియాస్ నదికి సంబంధించిన వ్యాజ్యమున, ఇట్టి వనరులకు ప్రభుత్వము ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. భక్తులు కోవెల గడపలో నేర్చిన పాఠమునే న్యాయస్థానము తన భాషలో పలికెనని చెప్పవచ్చును.

ధర్మకర్త కలడని భక్తుడు నిశ్చింతగ నిదురింపరాదు. కోవెల లెక్క తప్పినచో భక్తులు అడుగుదురు, అడుగుటయు కైంకర్యమే. కాలువ ఆక్రమణమైనను, ఇసుక మితిమీరి తరలిపోయినను, మురుగు నదిలో కలియుచున్నను అట్లే అడుగవలెను. అయితే పూజానంతరము పాతబట్టలను, ప్లాస్టిక్ సంచులను నదిలో విడిచిన చేతికి అడుగు అర్హత ఉండదు.

2016లో పుష్కరస్నానమునకు లక్షలాది జనులు కృష్ణాతీరము చేరిరి. 2028లో మరల పుష్కరములు వచ్చును. నాటికి నది ఏ స్థితిలో నుండునన్నది పాలకుల నిర్వహణపైనను, ప్రజల నడవడిపైనను ఆధారపడి యున్నది. శ్రీహరి సొత్తును శ్రీహరి సొత్తుగ భావించి, తన వంతు మాత్రమే స్వీకరించి, మిగిలినదానిని తరువాతివానికి భద్రముగ అందించుటయే నిజమైన పుష్కరస్నానము.