కాలమానభేదమును సత్యమును

విద్యావంతులలోఁ గొందఱు, ఐన్‌స్టీను పండితుఁడు 1905వ సంవత్సరమునఁ బ్రకటించిన సాపేక్షసిద్ధాంతమును ధర్మవిచారమునందు సాక్షిగాఁ బిలుచుచున్నారు. కొలుచువాని గమనమునుబట్టి కాలమును దూరమును మాఱునప్పుడు, సత్యమును న్యాయమును మాత్రము ఎవరివి వారికి వేఱుగా నుండరాదా యని వారి వాదము. సాక్షిని బిలిచినవారు వాఙ్మూలమును సగము విని లేచిపోవుట న్యాయస్థానమునందుఁ జెల్లదు. న్యాయవాదవృత్తియందున్న మేము ఆ మిగిలిన సగమును గూడ వినఁగోరుచున్నాము.

అంతరిక్షమునుండి వచ్చు కిరణములు వాయుమండలమును దాఁకినప్పుడు, సుమారు 15 కిలోమీటర్ల యెత్తున మ్యూయానులను సూక్ష్మకణములు పుట్టును. సెకండును పదిలక్షల భాగములు చేసినయెడల, నిశ్చలముగానున్న మ్యూయాను సగటు ఆయువు అందు 2.2 భాగములు మాత్రమే. ఆ కాలములో వెలుతురైనను 660 మీటర్లకు మించి పోఁజాలదు. అయినను మ్యూయాను లనేకములు నేలను జేరుచున్నవి. రాసీ, హాల్ అను శాస్త్రజ్ఞులు 1940లో అమెరికాలోని కొలరాడో పర్వతములమీఁదను దిగువనున్న డెన్వరు పట్టణమునందును వీనిని లెక్కించి, వేగము హెచ్చినకొలఁది ఆయువు పెరుఁగుటను గనుఁగొనిరి.

వెలుతురు వేగములో నూటికి 99.87 వంతుల వేగముతో వచ్చు కణమును దీసికొందము. నేలమీఁదివాఁడు "దాని గడియారము నాదానికంటె సుమారు 20 రెట్లు మెల్లగా నడిచినది, అందుచేతనే చేరినది" అనును. కణముతోఁ గూడఁ బ్రయాణించువాఁ డొకఁ డుండినయెడల, "నా గడియారము సరిగానే యున్నది; 15 కిలోమీటర్ల దారియే సుమారు 750 మీటర్లకుఁ గుఱుచయైనది" అనును. ఇరువురిలో నెవఁడును అబద్ధికుఁడు కాఁడు. ఒకరి కొలఁతను రెండవవారి కొలఁతగా మార్చు సూత్రము గలదు. అది యెవరి యిష్టమునుబట్టియు నడవదు. వెలుతురు వేగ మిరువురికిని ఒక్కటే. కణము నేలను జేరినదనియు ఇరువురును ఒప్పుకొందురు. (రైలుబండి వేగమున నీ భేదము మిక్కిలి స్వల్పము, కచేరికి ఆలస్యముగా వచ్చువారికి ఇది తోడ్పడదు.)

భౌతికశాస్త్రమునుండి ధర్మము నేరుగాఁ బుట్టునని మేము చెప్పము. కాని పిలిచినది వారు గనుక, సాక్షి చెప్పినది వారికి నప్పగించుచున్నాము. ఎదుటివాఁడు వేఱుగాఁ గొలిచెనన్న మాత్రమున వానిని అసత్యవాది యనరాదు. మన గమనమును లెక్కకుఁ దెచ్చికొని వాని కొలఁతను సాధించి చూడవలయును. ఈ శ్రమను దప్పించుకొనఁ గోరువారే "ఎవరి సత్యము వారిది" యందురని మా యభిప్రాయము.

మఱియొక సంగతియుఁ గలదు. మిక్కిలి దూరముగా జరిగిన రెండు సంఘటనలలో నేది ముందో చూచువారినిబట్టి మాఱవచ్చును. అయితే ఒకటి రెండవదానికిఁ గారణమైనయెడల ఆ వరుస యెవరికిని దలక్రిందు కాదు. మ్యూయాను పుట్టకముందే నశించినట్లు చూచువాఁ డెక్కడను లేఁడు. తన చేతిదెబ్బకు ముందే ఎదుటివాఁడు పడిపోయెనని వాదింపఁదలఁచిన ముద్దాయి, యెంత వేగముగాఁ బరుగెత్తినను ఈ సాక్షివలన లాభము పొందఁజాలఁడు.