పద్యమే సాధన

ధవళేశ్వరము ఆనకట్ట యొద్ద నిలిచిన గోదావరి, లాకులు దాటి, కాలువలై పొలములకు పోవుట మీరెరిగినదే. కట్టడి యున్నందుననే నీరు చేనికందును.

పిఠాపురమున సూఫీ పీఠమునకు అధిపతియై, పారసీకము నుండి ఉమర్ ఖయ్యామును తెనుగు చేసి, ఆ చేతితోనే ‘అనసూయాదేవి’ నాటకమును రచించిన ఉమర్ ఆలీషా కవిగారికి ఛందస్సు అట్టి కట్టడి. ఆయన 1885లో జన్మించి, 1945లో పరమపదించెను.

సూఫీలు ఊపిరిని భగవన్నామముతో ముడివేయుదురు, అది జిక్రు. పద్యము చెప్పువాడును యతికి లోబడి, ప్రాసకు తలయొగ్గి, ‘నేను’ అను దానిని కొంత కొంతగా విడుచును. అదియు సాధనయే. నిజమునకు, అవధానమున చప్పట్లు మ్రోగు వేళ ఆ విడుచుట మరింత కష్టము! అయినను పద్యము సాధనయే.

నేడు తీరిక దొరికినప్పుడు ఆలీషాగారి పద్యమొక్కటి, కంటితో గాక, గొంతెత్తి చదువుడు.