జుట్టుపోలిగాని వేషమునకు సెలవెవరిది?

నౌపడ ఉప్పుమళ్ళ గట్టున సాయంకాలము నాతో నడచుచున్న మా మేనల్లుడు, గ్రామదేవత సంబరమునకు తోడి యువకులతో కలిసి తాను సిద్ధపఱచుచున్న ప్రదర్శనమును గూర్చి చెప్పెను. తోలుబొమ్మలాటలోని జుట్టుపోలిగానిని, బంగారక్కను, కేతిగానిని తెరమీదనుండి దింపి, మనుష్యులచేత వేషములు కట్టించి, వేదికపై నిలుపవలెనని వారి సంకల్పము.

“ఈ పాత్రలను వాడుకోడానికి ఎవరి అనుమతి తీసుకోవాలి, మావయ్యా?”

“అమెరికాలో జిమ్ హెన్సన్ 1955లో సృజించిన కెర్మిట్ అను కప్పబొమ్మయైనచో నిస్సంశయముగా చెప్పియుందును, 2004 నుండి దానికి డిస్నీ సంస్థ యజమాని. జుట్టుపోలిగానికి కర్త యెవరు?”

“ఎవరూ లేరు. కర్త ఉన్న నాటకాన్నయినా సరే, ఔత్సాహిక సంఘాలు డబ్బు పుచ్చుకోకుండా ఆడితే తప్పులేదని 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షనులో ఉంది. మేము టిక్కెట్టు పెట్టడం లేదు.”

“చట్టముతో నీకు పేచీ లేదు. కాని ఆ బొమ్మను చేతబట్టి చూచితివా? మేకతోలును వెండ్రుక లేకుండ గీకి, దీపకాంతి ప్రసరించునంత పలుచన చేసి, రంగులద్ది, నగలుండవలసిన చోట్ల సన్నని రంధ్రములు తొలిచినందువలననే గదా, తెరపై ఆ నగలు మెఱయును! ఒరిస్సా రావణచ్ఛాయ బొమ్మలవి రంగులేని నీడలు; మనవి వెలుగును తమలోనుండి పోనిచ్చునవి. రామాయణ కథ నడుమ కేతిగాడు చొరబడి ఎంత మోటుగా ప్రేలినను, జుట్టుపోలిగాడు బంగారక్కను చావమోదినను, ఊరంతయు నవ్వునేగాని యెవరును నొచ్చుకొనరు. ఏలయన, ఆ తోలునకు ఇంటిపేరు లేదు, వీధి లేదు, ఒడలిపై కమిలిన చోటు లేదు. అదే మాట నీ స్నేహితుడు వేదికపై అనినచో, వాడెవరి కొడుకో, ఎవరిని చూచి అనెనో ఎల్లవారికిని తెలియును. బంగారక్క వేషముపై పడిన దెబ్బ, ముందు వరుసలో కూర్చున్న ఏ యిల్లాలికి జ్ఞప్తికి వచ్చునో యెఱుగుదువా? నాకు తోచినంతవఱకు, అంత మోటుదనమునకు సెలవిచ్చినది ఆ తెరయే. దానిని తొలగించిన వారికి ఆ సెలవు చెల్లదు.”

వాడు కొంతదూరము మౌనముగా నడచి, “బొమ్మను కూడా మనిషిని చూసే చేశారు కదా, మావయ్యా. మనిషి దగ్గర పుచ్చుకున్నదాన్ని మనిషే తిరిగి తీసుకుంటే అపచారం ఏముంది?” అనెను.

ఆ ప్రశ్న నన్ను నిజముగా నిలువరించినది. దానికి నాయొద్ద ఖండనము లేదు, ఉండవలెనని కోరికయు లేదు.

“తీసుకొనుము. అయితే ఇన్ని తరములు దానిని మోసినవారున్నారు. అనంతపురము సీమలోని నిమ్మలకుంటలో, ఆటకు పిలుచువారు తగ్గగా, దీపములకు తోలు తొడుగులు చేసి బ్రతుకుచున్న కుటుంబములున్నవి. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. బిరుదమొకరికి వచ్చినంతమాత్రమున అందఱికిని ఆటలు దొరకవు. మీ వేషములకు ముందు ఒక రాత్రి వారి మేళమును పిలిపింపుడు.”

“చందాలు అంతంతమాత్రం, మావయ్యా.”

“వేదికపై దీపాలంకరణము తగ్గింపుడు. దారిఖర్చులకు నేనిత్తును.”

“మరి బంగారక్కను కొట్టే ఘట్టం?”

“అది వారి బొమ్మలకు విడువుము.”

“మా పిల్లలు దానికోసమే చేరారు. అయినా మార్చి రాసి తెస్తాను, మీరే చూడండి.”