జత కుదిరితేనే కోలాటం

కోలాటం జతగా ఆడే ఆట. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో జాతరలకూ దేవుడి ఊరేగింపులకూ కోలల చప్పుడే అందం. విజయనగర కాలం నాటి హంపి శిల్పాల్లోనూ కోలలు పట్టి ఆడేవారు కనిపిస్తారు.

నేర్పడానికి ఒక వరుస ఉంది. ముందు చప్పట్లతో తాళం, తర్వాత అడుగు, ఆపైనే చేతికి కోలలు. తాళం నిలిచాక కోపులు, అంటే ఆటలోని అడుగుల తీరులు, నేర్పుతారు. లోపలి వరుస ఒకవైపు, బయటి వరుస ఎదురువైపు కదులుతుంటే జతలు మారుతుంటాయి.

కొత్తవారికి మూడు దురలవాట్లు పడతాయి. కోల బిగించి పడితే మణికట్టు తిరగదు. బలంగా కొడితే ఎదుటివారి వేళ్లకు తగులుతుంది. చూపు కాళ్ల మీదే ఉంటే రాబోయే జత కనిపించదు. పట్టు సడలించి, పాట నిదానించి, తప్పిన అడుగునే మళ్లీ మళ్లీ వేయించాలి. తిట్టడం కన్నా, బాగా వచ్చినవారి పక్కన నిలబెట్టడం మేలు.

జడకోలాటం ఈ నేర్పుకు పరీక్ష. పైనుంచి వేలాడే తాళ్లను ఆడుతూ జడగా అల్లి, అవే అడుగులు వెనక్కి వేస్తూ విప్పాలి. ఒక్కరు దారి తప్పినా అందరి తాళ్లూ చిక్కుపడతాయి. అందుకే ఒకరి అడుగు దిద్దడం బృందమంతటి పని.