పెరట్లో ఎవరుండాలి?

శంషాబాద్ దగ్గరి గగన్‌పహాడ్‌లో కొత్తగా కట్టిన ఇంటి పెరట్లో వయ్యారిభామ మొలవడానికి ఎవరూ పూనుకోనక్కర్లేదు. పునాది తవ్విన మట్టి ఓ పక్కన కుప్పగా ఉంటుంది, పల్లం పూడ్చడానికి లారీలో తెప్పించిన మొరం ఇంకో పక్కన. తొలకరి పడిందా, క్యారెట్ ఆకులాంటి ఆకులు నేల మీద పరుచుకుంటాయి. నెలా నెలన్నర తిరిగేసరికి కొమ్మకొమ్మకూ చిన్న చిన్న తెల్లపూలు. ఒక్క మొక్క 15 వేలకు పైగా గింజలు రాల్చగలదు.

పీకాలా వద్దా అన్న తగాదా లేదు. దానిలోని పార్థెనిన్ అనే రసాయనం తగిలితే ఒళ్లు దద్దుర్లెక్కుతుంది, పుప్పొడి ఆయాసం ఉన్నవాళ్లను నిద్రపోనివ్వదు. పశువులు మూతి పెట్టవు, గతిలేక తింటే పాలు చేదెక్కుతాయి. ఇక్కడ పెరడు పెంచుకుంటున్న ఓ ఇంటావిడను వేధించే ప్రశ్న వేరు. దీన్ని పీకేటప్పుడు ఇంత కోపం ఎందుకొస్తోంది? టమాటా మడిలో గరిక పీకేటప్పుడు రాదే!

ఇది మనది కాదు, అమెరికా గోధుమలతో వచ్చిపడిందంటారు అందరూ. ఆ కథ తేదీల దగ్గరే తడబడుతుంది. పీఎల్-480 అనే అమెరికా సాయం పథకం కింద ఆ గోధుమలకు మన దేశంతో ఒప్పందం కుదిరింది 1956 ఆగస్టులో. పుణెలో ఈ మొక్క కంటపడింది అంతకు ముందు, 1955లో. 1951లో అమెరికా అప్పుగా ఇచ్చిన ధాన్యంలో వచ్చిందేమో అనుకుందామంటే, 1814లో అచ్చయిన, వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ రాసిన కలకత్తా తోట మొక్కల జాబితాలోనే దీని పేరుంది.

పోనీ, అమెరికాదే అనుకుందాం. ఆ పెరట్లో టమాటా, మిరప, జామ, బొప్పాయి ఎక్కడివి? అన్నీ ఆ ఖండాల నుంచి వచ్చినవే. పరాయిదనమే నేరమైతే ముందు పీకాల్సింది మిరప మొక్కను. అంతెందుకు, వయ్యారిభామను తింటుందని మెక్సికో పెంకుపురుగును తెచ్చి 1984లో బెంగళూరులో వదిలారు. పరాయి మొక్క పని పట్టడానికి పరాయి పురుగునే పిలుచుకున్నాం.

ఈ సందేహాన్ని ఆవిడలో లేపింది కలుపు తీయడానికి వచ్చిన ఓ ముసలవ్వ. భాద్రపదం చివర. అవ్వ కొంగు ముక్కుకు అడ్డంగా కట్టుకుంది, చేతులకు పాతగుడ్డలు చుట్టుకుంది. గోడ వెంట వయ్యారిభామను ఒక్కొక్కటే మొదట్లో పట్టుకుని, మట్టి దులిపి, వేళ్లతో సహా కుప్ప వేస్తూ వచ్చింది. గులాబీ కుండీల పక్కన నాలుగు గునుగు మొక్కలున్నాయి. వాటి చుట్టూ కుర్పితో మట్టి గీకి, ముందుకు జరిగింది.

"అదీ కలుపేగా అవ్వా, పీకెయ్" అంది ఇంటావిడ.

అవ్వ తలెత్తలేదు. "గిది బతుకమ్మకు గావాలె బిడ్డా, ఉండనియ్యి. చేన్ల ఉంటె పీకేస్తం. గీడ ఎవలకేం అడ్డం?" కాసేపాగి కుప్ప వైపు చెయ్యి చూపింది. "గిదైతె పక్కన దేన్నీ బతుకనియ్యది."

చేనులో కలుపైన గునుగు, కొన్ని రోజుల్లో రంగులు అద్దుకుని తాంబాలంలో తంగేడు పక్కన, బంతి పక్కన కూర్చుంటుంది. ఆ బంతి కూడా మెక్సికో నుంచి వచ్చిందే. పైగా వయ్యారిభామదీ బంతిదీ ఒకటే కుటుంబం. ఒకదాన్ని గౌరమ్మతో పాటు కొలుస్తాం, ఇంకోదాన్ని ముక్కు మూసుకుని పీకుతాం. పుట్టిన చోటును బట్టి తీర్పు చెప్పడం కుదరదని అవ్వ మాటతో తేలిపోయింది.

మిగిలింది అవ్వ చెప్పిన కారణమే. వయ్యారిభామ ఆకుల నుంచి, వేళ్ల నుంచి దిగే రసాయనాలు చుట్టూ వేరే గింజల్ని మొలవనివ్వవు. గట్టి వాదనే. మరి అదే పెరట్లో డబ్బు పోసి పరిపించిన లాన్? అందులోనూ ఇంకో మొక్కకు చోటు లేదు, కాపలా కాసేది మనిషి. లాన్ గోడ దాటదు, వయ్యారిభామ దాటుతుంది అనొచ్చు. అయితే గోడలు దాటడంలో మనుషులేం తక్కువ తిన్నారు? ఇక్కడ ఒకప్పుడున్నవి గుట్టలు, చెలకలు, చెరువులు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక వెంచర్లు ముంచుకొచ్చాయి, చెలకలు ప్లాట్లయ్యాయి. 2020 అక్టోబర్ వానలకు ఇక్కడి అప్ప చెరువు తెగి, వరద జాతీయ రహదారి మీద పడింది. గెలికిన నేల, కొట్టుకొచ్చిన మట్టి, ఎవరూ పట్టించుకోని ఖాళీ ప్లాటు. వయ్యారిభామకు అంతకన్నా ఏం కావాలి? గడ్డి దట్టంగా అల్లుకున్న చోట అది అంత తేలిగ్గా చొరబడలేదు. దానికి చోటు చేసిపెట్టింది మనమే.

ఇక్కడికొచ్చేసరికి ఆవిడకు కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. ఇంతా ఆలోచించి పీకడం మానేయాలా అంటే, అదీ కాదు. పక్కింటి పిల్లవాడి మోచేతి మడతల్లో దద్దుర్లు ఈ సందేహం తీరేదాకా ఆగవు. మొక్కది తప్పు కాదని ఒప్పుకుంటూనే మొక్కను పీకాలి. ఈ రెండూ పొసగవు. పొసగకపోయినా రెండూ నిజమే. ఆవిడ ఇప్పుడు పీకుతూనే ఉంది, తిట్టుకోవడం మాత్రం మానేసింది. లాన్‌లో సగం తీసేసి బంతి నారు పోసింది.

గగన్‌పహాడ్‌లోనైనా ఇంకెక్కడైనా పెరడున్నవాళ్లు వాన వెలిసి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే, గ్లౌజులు వేసుకుని దీన్ని వేళ్లతో సహా లాగేయండి. పూతకు రానిదైతే కంపోస్టు గుంటలో వేసుకోవచ్చు. పూసిందాన్ని మాత్రం గింజ రాలకుండా సంచిలో కట్టండి. పీకిన చోట ఆ రోజే బంతి గింజలో తంటెం గింజలో చల్లండి. నేల ఖాళీగా వదిలేస్తే వచ్చే వానకు మళ్లీ అదే మొలుస్తుంది.