దేవుడు ఏర్పరచుకొనిన ఉపవాసము

ధ్యాన భాగములు: యెషయా 58:1–12, నెహెమ్యా 5:1–13



లెంతు దినములు మరల వచ్చినవి. భస్మ బుధవారము మొదలుకొని పునరుత్థాన పండుగ వరకు, ఆదివారములను విడిచి, నలువది దినములు మనము ప్రభువు శ్రమలను ధ్యానించుచున్నాము. కొందరు ఒక పూట భోజనము మానుదురు. కొందరు మాంసము ముట్టరు. సాయంకాలమున ఇంటింట కూడుకొని ప్రార్థింతురు. ఇవన్నియు మంచివే. అయితే మన ఉపవాసము దేవుని సన్నిధికి చేరుచున్నదా యని ఈ దినములలో మనలను మనము అడుగుకొనవలెను.

వేల్పూరు, ఆర్మూరు ప్రాంతముల వారికి ఇది పసుపు కాలము. జూన్ నెలలో నాటిన పంట జనవరి మొదలు త్రవ్వకమునకు వచ్చును. కొమ్ములను, మండలను వేరుచేసి, ఉడికించి, పది పదునైదు దినములు ఎండబెట్టి, మెరుగుపట్టి, నిజామాబాదు మార్కెట్ యార్డుకు తోలుకొనిపోవు పని చాలవరకు లెంతు దినములలోనే జరుగును. పంట సొమ్ము చేతికి వచ్చు కాలమిదే. అప్పులవాడు గడప త్రొక్కు కాలము కూడ ఇదే. గనుక మన యొద్ద ఉపవాసమును గూర్చి మాటలాడువారు అప్పును గూర్చి మాటలాడకుండుటకు వీలులేదు.

యెషయా కాలపు ప్రజలు దేవునిమీదనే ఫిర్యాదు చేసిరి. తాము ఉపవసించినను ఆయన లక్ష్యపెట్టలేదని వారి బాధ. ప్రభువు వారికి తేటగా ఉత్తరమిచ్చెను. ఉపవాస దినముననే వారు తమ పనివారిని పీడించుచుండిరి, కలహమాడుచుండిరి. తల వంచి గోనెపట్ట పరచుకొనుట ఆయనకు చాలదు. కట్లు విప్పుట, కాడి విరుచుట, ఆకలిగొన్నవానితో అన్నము పంచుకొనుట, ఇదే ఆయన కోరిన ఉపవాసము.

నెహెమ్యా దినములలో ఈ మాట ఆచరణలోనికి వచ్చెను. యెరూషలేము గోడ కట్టబడుచుండగా బీదలు మొఱ్ఱపెట్టిరి. పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు తాకట్టులోనున్నవి. కుమారులును కుమార్తెలును దాస్యమునకు పోవుచున్నారు. అప్పిచ్చినవారు అన్యులు కారు, సొంత సహోదరులే. నెహెమ్యా పెద్ద సమాజము కూర్చెను. తానును తన వారును కూడ అప్పులిచ్చినవారే యని దాచక చెప్పి, వడ్డీ మానుదము, పొలములు తిరిగి యిచ్చివేయుదమని వారిని ఒప్పించెను. జనులందరు ఆమేన్ అనిరి. అని ఊరకుండలేదు, చెప్పిన చొప్పున చేసిరి.

ఇది ఎక్కడనో జరిగిన పాత సంగతి యనుకొనవద్దు. 2001వ సంవత్సరములో మన వేల్పూరు మండలములోనే దీనిని పోలిన కార్యము జరిగినది. తలిదండ్రులు చేసిన అప్పునకు పిల్లలు పనిచేసి తీర్చు వాడుక అప్పుడుండెను. ఆ యేడు జూన్‌లో, జి. అశోక్ కుమార్ గారు జిల్లా కలెక్టరుగా నుండగా, పిల్లలను పని మాన్పించి బడికి పంపు ఉద్యమము ఆరంభమైనది. నూరు దినములు కూడ పట్టలేదు. అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, వేల్పూరు బాలకార్మికులు లేని మండలముగా ప్రకటింపబడినది. సర్పంచులు పిల్లలందరిని బడిలో నిలుపుదుమని ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనిరి. పనిలో పెట్టుకొన్నవారు తమకు రావలసిన బాకీ సుమారు 35 లక్షల రూపాయలు వదలుకొనిరి.

ఆ కడపటి మాటను మరల చదువుడి. బాకీ వదలినందుననే పిల్లవాని చేతికి పలక వచ్చినది. ఇది ఏ యొక్క సంఘము చేసిన పనియు కాదు. అధికారులు, ఊరి పెద్దలు, ఉపాధ్యాయులు, పలు మతములవారు కలిసి చేసిరి. యెషయా చెప్పిన ఉపవాసము మన కన్నులయెదుట, బైబిలు ఎన్నడును తెరువని ఇండ్లలో కూడ నెరవేరినది. దీనికి మనము దేవుని స్తుతింపవలెను, మేలుకొనవలెను.

అప్పులు, బడులు సంఘమునకేల, మనకు ప్రార్థన చాలదా యని కొందరందురు. ప్రభువు నేర్పిన ప్రార్థననే తెరచి చూడుడి. మత్తయి సువార్త తెలుగులో అక్కడ నున్న మాట ఋణములు. డిచ్‌పల్లిని జ్ఞాపకము చేసికొనుడి. ఊరివారు వెలివేసిన కుష్ఠరోగులకు వెస్లియన్ మిషను వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసానియు ఆమె భర్తయు అక్కడ ఆశ్రయము కల్పించిరి. దానికి ధనమిచ్చినవారిలో నిజామాబాదు హిందూ దాత నర్సాగౌడ్ గారుండిరి. మన పితరులు ప్రార్థనను, పరిచర్యను వేరు చేయలేదు, పొరుగువాని సాయమును త్రోసివేయలేదు.

అయితే ఈ నలువది దినములలో ఏమి చేయుదము? మనలో అప్పిచ్చినవారెవరైన నుంటే, తీర్చలేని సహోదరుని వడ్డీనైనను వదలుదురుగాక. పసుపు పనులవలన బడి మానిన బిడ్డ మన వీధిలో నున్నాడేమో చూచి, ఆ యింటికి పోదము. నిందించుటకు కాదు, ఆ యింటి ఇబ్బంది యేమో తెలిసికొనుటకు. మానిన పూట భోజనపు వెలను, స్త్రీలు తీసిపెట్టు పిడికెడు బియ్యమును ఆ యింటికే చేర్చుదము. ఎవరు ఇచ్చిరో ఆరాధనలో చదువనక్కరలేదు. ఒక కుటుంబము ఒక కుటుంబపు భారమును మోసిన యెడల పునరుత్థాన పండుగనాడు ఒకే బల్లయొద్ద సిగ్గులేక కూర్చుందుము.

మనమీద నుండిన పత్రమును క్రీస్తు సిలువకు మేకులతో కొట్టివేసెనని పౌలు కొలొస్సయులకు వ్రాసెను. మన ప్రోనోటు అక్కడ చింపబడినది. అట్టి విడుదల పొందిన మనము సహోదరుని ప్రోనోటును పెట్టెలో భద్రపరచుకొని శుభ శుక్రవారమున సిలువ ముందు ఎట్లు మోకరింతుము? నెహెమ్యా కాలపు సమాజమువలె మనమును ఆమేన్ అందము. అటుపిమ్మట చెప్పిన చొప్పున చేయుదము.