తీరని ఋణము

వేదభాగము: రోమా 16:3–5



మన పెండ్లిండ్లలో చదివింపుల పుస్తకమొకటి యుండును. ఎవరు ఎంత చదివించిరో అందు వ్రాసియుంచి, వారి ఇంట శుభకార్యము వచ్చినప్పుడు దానిని తెరచి చూచి, అంతయో, అంతకు కొంచెము ఎక్కువయో తిరిగి చదివింతుము. ఇది మంచి మర్యాదయే. అయితే కొందరు చేసిన మేలు ఏ పుస్తకమునకును ఎక్కదు. చిన్ననాటినుండి మనలను తమ ఇంటివారిగా ఎంచి, యేండ్ల తరబడి స్నేహము చేసిన పెద్దలకు మనమేమి తిరిగి చెల్లింపగలము? చెల్లింపలేనప్పుడు కృతజ్ఞత యనగా ఏమి? పౌలు జీవితములో దీనికి జవాబు వెదకుదము.

క్రీ.శ. 50 ప్రాంతమున పౌలు కొరింథునకు వచ్చెను. యూదులు రోమా విడిచిపోవలెనని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపించినందున, అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు ఇటలీనుండి వచ్చి అక్కడ నుండిరి. పౌలువలె వారును డేరాలు కుట్టువారు. తమ ఇల్లు విడిచి వచ్చినవారే పౌలునకు ఇంట చోటిచ్చిరి. పిమ్మట ఎఫెసు వరకు అతనితోకూడ ఓడ ప్రయాణము చేసిరి. నూతన నిబంధనలో వీరి ప్రస్తావన ఆరు చోట్ల గలదు. ఆరింటను ఇద్దరి పేర్లు కలిసియే యున్నవి.

రోమాలోని సంఘమునకు వ్రాయుచు పౌలు వీరిని గూర్చి ఏమి చెప్పెను? తనకొరకు వారు తమ ప్రాణములకు తెగించిన సంగతిని అందరి యెదుట ఒప్పుకొనెను. ఆ మేలును ఎట్లు తీర్చెదనో చెప్పలేదు. అదే పత్రికలో, ప్రేమ తప్ప మరి యే అప్పును ఉంచుకొనవద్దని బోధించెను (13:8). అనగా ప్రేమఋణము తీరునది కాదు, తీర్చుకొని చేతులు దులుపుకొనవలసినదియు కాదు.

ఋణపడి యుండుట మానవంతునికి చిన్నతనము కాదా యని ఒకరు అడుగవచ్చును. వడ్డీవ్యాపారికి అప్పుపడినవాడు అతని వీధిని తప్పించుకొని తిరుగును. స్నేహితునికి ఋణపడినవాడు ఆ వీధికే పోవును. స్నేహితుని మేలును వెంటనే తీర్చివేయ తొందరపడువాడు అతనిని అంగడివానిగా చేయుచున్నాడు. సంతోషముతో ఋణస్థుడుగా నిలిచియుండుటయే కృతజ్ఞత.

నేను పదేండ్ల బాలుడనై హాస్టలులో చదువుకొనుచున్న దినములలో, ఒక ఉపాధ్యాయుడును ఆయన భార్యయు ఆదివారపు ఆరాధన తరువాత నన్ను ఇంటికి తీసికొనిపోయి అన్నము పెట్టుచుండిరి. ఆ వారము ఏ వాక్యము కంఠత పట్టితివని మాస్టారు అడిగెడివారు. కడుపు నిండినదా యని అమ్మగారు అడిగెడివారు. నాకు రెండు ప్రశ్నలును అవసరమే. ముప్పది యేండ్లు దాటినను ఆ వాకిలి నాకు మూయబడలేదు. ఇప్పుడు పదిమందిలో నన్ను "అయ్యగారు" అందురు; గడప దాటి లోపలికి వెళ్లితినా, "అబ్బాయీ" అనియే పిలుపు. నా ప్రసంగమును గూర్చి ఏదైన చెప్పవలసియున్న యెడల గుడి వాకిట చెప్పరు, భోజనమైన తరువాత మెల్లగా చెప్పుదురు. అకుల ప్రిస్కిల్లలు అపొల్లోకు నేర్పినదియు ఇట్లే, నలుగురిలో తప్పుపట్టక తమ యొద్దకు పిలిచి నేర్పిరి (అపొ. కా. 18:26).

ఒకసారి నేను కృతజ్ఞత చెప్పబోగా అమ్మగారు, "ఏం పెట్టాం నాయనా, ఆదివారం రెండు ముద్దలేగా!" అనిరి. పెట్టినవారు లెక్క మరచుట అందము. తిన్నవాడు మరచుట అందము కాదు.

మాస్టారికి ఎనుబది దాటినవి, వినికిడి తగ్గినది. కావున గట్టిగానే చెప్పుచున్నాను. మన సంఘములలో పెద్దల మేలులు ఎక్కువగా భూస్థాపన కూటములలోనే వినబడుచున్నవి. వినవలసినవారు అప్పటికి వినలేరు. పౌలు బ్రదికియున్నవారికే వందనములు పంపెను. సంకెళ్లలో నుండి తిమోతికి వ్రాసిన పత్రిక ముగింపులోను ఆ ఇద్దరిని మరువలేదు (2 తిమోతి 4:19).

ప్రియులారా, మీకును అట్టి దంపతులున్నయెడల ఈ వారమే వెళ్లి కూర్చుండుడి. ఇద్దరిలో ఒకరు ముందుగా వెళ్లిపోయినయెడల మిగిలినవారి ఇంటికి రాకపోకలు తగ్గును. మీరు మాత్రము మానకుడి. మీ పంక్తిలో ఒక పరాయి బిడ్డకు చోటియ్యుడి. వారికి చెల్లింపలేనిది అక్కడ కొంత చెల్లును.

తండ్రీ, మాకు నీవిచ్చిన స్నేహితులను బట్టి నీకు స్తోత్రము. వారి యెడల మా నోటిని సకాలమున తెరువుము. ఆమేన్.